ముడుచుకోవాల్సిన చెయ్యి

మా ఆయన చెట్టు మీంచి పడ్డ రోజు కూడా నేను పండ్ల తొక్క తీశాను. ఊళ్ళోవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. కోసిన పెర్సిమన్ పండు మన కోసం ఆగదు. పచ్చిగా ఉన్నప్పుడు నోరంతా వగరు పట్టించే ఆ పండు తొక్క తీసి గాలికి వేలాడదీస్తేనే బెల్లంలా మారుతుంది. గంపల్లో వదిలేస్తే మెత్తబడి కుళ్ళిపోతుంది. అంబులెన్సులో ఒక్కరికే చోటుందన్నారు, అత్తయ్య ఎక్కింది. నేను షెడ్డులోకి వెళ్ళి తొక్క తీసే మిషను ముందు కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మాది సాంగ్జు పక్కన కొండవార ఊరు. అక్టోబరు దాటి గట్టి మంచు పడేలోపు చెట్లన్నీ ఖాళీ చెయ్యాలి. మా ఆయన తేక్‌హో పొడుగాటి వెదురు గడతో చిటారు కొమ్మ అందుకోబోయి, కాలు జారి, తల కిందుగా పడ్డాడు. పెద్దాసుపత్రిలో మెడకి ఆపరేషన్ చేశారు. బతికాడు. మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోయిందని, ఛాతీ నుంచి కిందికి ఇక కదలికా ఉండదు, స్పర్శా ఉండదని డాక్టరు ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. భుజాలు ఆడతాయట. మోచేతులు మడవగలడు, చాపలేడు. మణికట్లు పైకెత్తగలడు. వేళ్ళు మాత్రం ఆడవు. డాక్టరు చెప్పడం అయ్యేదాకా నేను తల ఊపుతూనే ఉన్నాను. బయటికొచ్చాక అత్తయ్య ఏమన్నాడని అడిగితే, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. ఆమె గోడ పట్టుకుని కూలబడింది. నేను నిలబడే ఉన్నాను.

గాయం మానాక డేగు ఊరి చివర, ఇలాంటివాళ్ళకి కసరత్తులు చేయించే ఆసుపత్రికి మార్చారు. రోగి పక్కన ఇంటిమనిషి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండాలి. మంచం కిందనుంచి లాగే పొట్టి బల్ల మీద పడుకోవాలి. ఎవరుండాలన్నది మేం మాట్లాడుకోనే లేదు. డెబ్బై దాటిన అత్తయ్య తన మూట ఆ బల్ల మీద పెట్టేసింది. "వాణ్ణి కన్నదాన్ని నేనున్నాను. నువ్వెళ్ళి పండ్లు చూసుకో," అంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, షెడ్డులో వేలాడే పండ్లని చూసుకునే మనిషి కూడా కావాలి. ఏడాదికంతటికీ మా తిండి వాటిమీదే.

నేను ఆదివారాలు బస్సెక్కి వెళ్ళేదాన్ని. వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయ్యేది. అత్తయ్య మంచం తలవైపు ఎత్తి, కొడుకు మెడ చుట్టూ తువ్వాలు కట్టి, చెంచాతో అన్నం పెడుతూ ఉండేది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఆమె నోరూ తెరుచుకునేది. పోయినేటి దాకా రెండు గంపలు ఒకేసారి భుజానికెత్తుకున్న మనిషి ఆయన. తింటున్నంతసేపూ కళ్ళు మూసుకునేవాడు.

ఒకసారి ఆమె గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు నాతో అన్నాడు. "నడక సంగతి వదిలెయ్. తిండి మాత్రం నా చేత్తో నేను తినాలి. మా అమ్మ ఇంకెన్నాళ్ళుంటుంది?"

నేనున్నాను గదా అని నేననలేదు. అనాల్సిన మాట అదేనని తెలుసు. ఆయన కూడా దానికోసం చూడలేదు. ఆ చలికాలమంతా ఆయన నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

ఆసుపత్రిలో రెండు గదులుండేవి. కిందది కసరత్తు గది, పైది చేతుల గది. రోగులు పెట్టుకున్న పేర్లవి. కింద గదిలో తక్ మాస్టారు. ఆయన మా ఆయన్ని ఒక బల్లకి పట్టీలతో కట్టి, బల్లనే మెల్లగా నిలువుగా లేపేవాడు. సగం లేచేసరికి మా ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి కళ్ళు తేలేసేవాడు. మాస్టారు మళ్ళీ దించేవాడు. కాసేపాగి మళ్ళీ లేపేవాడు. ఇన్నాళ్ళూ పడుకున్న ఒంట్లో రక్తానికి పైకెక్కడం మళ్ళీ నేర్పాలని చెప్పాడు. కొన్ని వారాలకి చాప మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. వెనక్కి రెండు చేతులూ ఆనించి, వాటి మీద ఒళ్ళు నిలబెట్టుకోవాలి. ఆ ఆనించడం కూడా అరచెయ్యి పరిచి ఆనించనివ్వడు, వేళ్ళు ముడిచి పిడికిలి మీదే ఆనించాలి. అది చూసి అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. అసలే చచ్చుబడ్డ వేళ్ళని అలా నలిపేస్తారా, తెరిచి ఆనిస్తే ఏం పోయిందని అడిగింది. తక్ మాస్టారు నవ్వాడు. "ఆ వేళ్ళు తెరిచామంటే పై గదిలో బాన్ టీచరమ్మ దిగొచ్చి నా వేళ్ళు విరిచేస్తుందమ్మగారూ," అన్నాడు. అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

చేతుల గదిలో ఉండేది ఆ బాన్ టీచరమ్మ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఎప్పుడూ చేతులు కడుక్కోవడం వల్ల ఆమె వేళ్ళు చలికి పగిలిపోయి ఉండేవి. ఒక ఆదివారం సెలవైనా వచ్చి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. మా ఆయన కుడి చెయ్యి బల్ల మీద పెట్టి, అరచేతిలో చిన్న చెక్కముక్క పెట్టింది. వేళ్ళ గురించి ఆలోచించకండి, మణికట్టు మాత్రం ఎత్తండి అంది. ఆయన ఎత్తాడు. వేళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకుని చెక్కని పట్టుకున్నాయి. మణికట్టు వాల్చమంది. వేళ్ళు తెరుచుకుని చెక్క కిందపడింది. ఎడమ చేత్తోనూ అలాగే జరిగింది. మా ఆయన ఆ చేతుల్ని ఎవరివో అన్నట్టు చూశాడు. నేనూ అలాగే చూశాననుకుంటాను. టీచరమ్మ ఒక్కతే నవ్వింది.

"వేళ్ళని ఆయన ముడవలేదు, చూశారుగా," అంది నాతో. "వేళ్ళకీ ముంజేతికీ మధ్య తాళ్ళలాంటి నరాలుంటాయి. మణికట్టు ఎత్తితే అవి బిగిసి వేళ్ళని లోపలికి లాగుతాయి. ఆయనకి మిగిలిన పట్టు ఇదొక్కటే. ఆ తాళ్ళు కాస్త కురచబడాలి. కురచబడితే చెంచా పట్టుకుంటారు, పళ్ళు తోముకుంటారు. సాగిపోయాయంటే మణికట్టు ఎంత ఎత్తినా వేళ్ళు వేలాడతాయి. ఈ చలికాలంలో ఎలా కుదురుకుంటే జన్మంతా అలాగే ఉండిపోతాయి. అందుకని ఆ వేళ్ళని ఎవరూ చాపకూడదు. చూడ్డానికి బాగోకపోయినా సరే, ముడుచుకోనివ్వండి."

కీళ్ళు బిగుసుకోకుండా తను చూసుకుంటానంది. ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమేనట. వార్డుకి వచ్చి ఆ ముక్క అత్తయ్య చెవిన వేశాను. తువ్వాలు పిండుతూ ఊ అంది. ఆమె ఊ అంటే ఎన్ని రకాలో నాకిప్పటికీ తెలియదు.

డిసెంబరు వచ్చింది. ఎడమ చెయ్యి రోజురోజుకీ మెరుగుపడింది. చెక్కముక్క పట్టుకుంది, తర్వాత సీసా మూత, తర్వాత దువ్వెన. కుడి చెయ్యి మొదట పట్టుకున్న చెక్కని కూడా జారవిడిచేసింది. బాన్ టీచరమ్మకి అర్థం కాలేదు. గాయం రెండు వైపులా ఒకటేనని, ఇలా తేడా రాకూడదని అంది. కుడి చెయ్యి ఒంటి కింద పడేసుకుని నిద్రపోతున్నాడా అని అడిగింది. ఏదైనా కట్టు కడుతున్నారా అని అడిగింది. మా ఆయన కిటికీ వైపు చూస్తూ లేదన్నాడు. కుడిచేతి వాటం మనిషి కాబట్టి ఆ చేతి మీదే మా ఆశంతా. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నేను షెడ్డులో ఫ్యాన్లు వేసి వచ్చానా లేదా అని ఆలోచిస్తున్నాను. ఆ వారం తేమ గాలి తిరిగింది, పండుకి బూజు పట్టే గాలి.

ఆ గాలి తగ్గాక, పక్కింటివాళ్ళ వ్యాను డేగు వెళ్తోందంటే, ఉతికిన బట్టలు పట్టుకుని వారం మధ్యలో ఎక్కాను. వస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. వార్డు బయట నీళ్ళు పట్టుకునే చోట యన్‌బ్యన్ పెద్దమ్మ కనిపించింది. మా ఎదురు మంచం ముసలాయన్ని చూసుకోవడానికి కూలికి కుదిరిన మనిషి ఆమె. చైనా వైపు యన్‌బ్యన్ నుంచి వచ్చిన మా జాతి మనిషే. నోటికి అడ్డూ ఆపూ ఉండదు, మనసులో మాత్రం ఏమీ పెట్టుకోదు.

"మీ అత్త చాకిరీ చూస్తుంటే డబ్బు తీసుకుని చేసే నాకే సిగ్గేస్తోంది," అంది. "భోజనం కాగానే కొడుకు వేళ్ళు ఒక్కోటీ ఇస్త్రీ చేస్తుంది. ఒక్క రోజు తప్పదు."

లోపలికి వెళ్ళాను. తెర సగం వేసి ఉంది. అత్తయ్య పొట్టి బల్ల మీద కూర్చుని, కొడుకు కుడి చెయ్యి మంచం పట్టె మీద పెట్టుకుంది. మణికట్టుని ఒక చేత్తో పైకి వంచి పట్టుకుని, రెండో చేత్తో వేళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి లాగి, తన అరచెయ్యి వేసి అదుముతోంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు. ప్రతి వేలికీ ఏదో గొణుక్కుంటోంది. ఆ వైపు చెయ్యే ఆమెకి అందుతుంది. మంచం ఎడమ పక్క గోడకి ఆనించి ఉంది. మా ఆయన నిద్రపోవడం లేదు. పైకప్పు చూస్తున్నాడు.

నేను దగ్గి, బట్టల సంచి కింద పెట్టాను. అత్తయ్య చెయ్యి వదిలేసి దుప్పటి సర్దింది. తిన్నావా అని నన్ను అడిగి, పళ్ళెం పట్టుకుని బయటికి వెళ్ళింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ."

"చాపకూడదని మీకు తెలుసు గదా."

"తెలుసు."

"మరి చేయించుకుంటున్నారేం?"

"నాకు నొప్పేం లేదు," అన్నాడు. "అమ్మకి చెయ్యడానికి ఇంకేముంది ఇక్కడ?"

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన పడ్డ దగ్గర్నుంచీ నాకు కలిగిన మొదటి భావం అదే. తల్లి మీద కోపం, కొడుకు మీద కోపం, నొప్పి తెలియని ఆ చేతి మీద కోపం. చెంచా పట్టుకుంటే చాలన్న మనిషి, ఆ చెంచా పట్టాల్సిన చేతిని రోజూ అప్పగించి పడుకున్నాడు. నేను అరవలేదు. మెట్లెక్కి చేతుల గదికి వెళ్ళి బాన్ టీచరమ్మకి చెప్పేశాను.

ఆమె ఉన్నపళంగా దిగివచ్చింది. అత్తయ్య ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతినే చూపించి, నాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. తప్పంటూ ఒక్క మాట అనలేదు. అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అలాగే టీచరమ్మా, అలాగే అంటూ తల వంచుకుంది. ఆమె వెళ్ళాక బట్టలుతికే గదికి పదమని నన్ను పిలిచింది.

మిషనులో బట్టలు వేశాక అంది. "మీ మామగారికి పక్షవాతం వచ్చినప్పటికి నువ్వీ ఇంటికి రాలేదు. ఆయన కుడి చెయ్యి మెల్లమెల్లగా ముడుచుకుపోయింది. నేను పొలం పనిలో పడి పట్టించుకోలేదు. డాక్టరుకి చూపిస్తే, రోజూ వేళ్ళు సాగదీసి ఉంటే ఇలా అయ్యేది కాదు గదమ్మా, ఇంతకాలం ఏం చేస్తున్నావని నలుగురిలో అడిగాడు. అప్పటికే అది రాయిలా అయిపోయింది. ఆయన పోయాక స్నానం చేయించి చేతులు చాపి గుడ్డ చుట్టాలి గదా. పిడికిలి తెరుచుకోలేదు. కట్టు కట్టడానికి వచ్చినవాడు దాని మీద మోకాలు పెట్టి నొక్కాడు. చప్పుడు తలుపవతల నాకు వినిపించింది."

వాళ్ళ జబ్బు వేరు, ఈయన దెబ్బ వేరు అని టీచరమ్మ చెప్పింది గదా అన్నాను.

"పిడికిలి పిడికిలే," అంది. "సాగదియ్యలేదేమని అడిగినవాడూ చదువుకున్నవాడే. సాగదీశావేమని అడుగుతున్న ఈ పిల్లా చదువుకున్నదే. నేను ఎవరి మాట వినాలి, నువ్వు చెప్పు."

మిషను గాజు మూత వెనక మా ఆయన పైజామాలు తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. నా కోపం అప్పటికే ఎటో పోయింది. దాని చోట్లోకి వేరే ఏదీ రాలేదు.

బాన్ టీచరమ్మ నాకు ఒక టేపు చుట్ట ఇచ్చింది. ఇకనుంచి పడుకోబోయే ముందు రెండు చేతులూ పిడికిలి ముడిచి, పైన ఇది చుట్టి కట్టాలట. పొద్దున్న విప్పాలట. చెయ్యగలిగే మనిషి పక్కనుండాలి, లేదంటే మనిషిని మార్చుకోండని మొహమాటం లేకుండానే అంది. బుసాన్‌లో ఉండే ఆడపడుచు ఫోనులో అదే అంది, అమ్మని ఇంటికి పంపేసి కూలి మనిషిని పెట్టుకోమని. యన్‌బ్యన్ పెద్దమ్మని అడిగాను. మనుషులకేం, రేపే దొరుకుతారంది. గ్లాసులో నీళ్ళు పట్టుకుని, తాగకుండా, ఆ ముసలిది మాత్రం ఇంటికెళ్ళి ఏం చేస్తుంది అని నన్నే అడిగింది.

నేను ఎంతో ఆలోచించి నిర్ణయం తీసుకున్నానని చెప్పుకోలేను. ఆలోచించే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు. వ్యాను వాళ్ళు కింద హారను కొడుతున్నారు. టేపు చుట్ట తీసి అత్తయ్య చేతిలో పెట్టాను. పడుకునే ముందు రెండు చేతులకీ కట్టాలట అన్నాను. ఆమె ఆ చుట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను దిగి వెళ్ళిపోయాను.

ఆదివారం మొదటి బస్సుకే వెళ్ళాను. ఇంకా కట్లు విప్పలేదు. మా ఆయన చేతులు రెండూ దుప్పటి మీద ఉన్నాయి, రెండూ పిడికిళ్ళు. టేపు లేదు. మెత్తటి తెల్ల నూలుగుడ్డ చీలికలు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, మణికట్టు దాకా నున్నగా చుట్టి ఉన్నాయి. గోడ వైపు చేతికి కూడా కట్టాలంటే మంచం జరపాలి. జరిపించింది. మంచం ఇప్పుడు గోడకి జానెడు దూరంలో ఉంది.

యన్‌బ్యన్ పెద్దమ్మ నన్ను తెర అవతలికి లాగింది. "ఆ ముడి చూశావా? శవాన్ని పెట్టెలో పెట్టబోయే ముందు వేసే ముడి అది. పొద్దున్నే లేచి అదే కనబడుతుంటే నాకు గుండె దడ," అంది.

అత్తయ్య వినే ఉంటుంది. తెరకి చెవులు లేవు గానీ ఆమెకున్నాయి. కట్లు విప్పుతూ, నా వైపు చూడకుండా అంది. "టేపుకి చర్మం ఊడొస్తోంది. జారని కట్టు నాకొచ్చింది ఇదొక్కటే. ఆ వచ్చినవాడు మోకాలెత్తాక మిగతాది మీ మామగారికి నేనే కట్టాను."

మా ఆయన తన పిడికిళ్ళ వైపే చూస్తున్నాడు. గుడ్డ ఊడిపోయాక కూడా వేళ్ళు కాసేపు అలాగే ఉన్నాయి. ఆమె వాటిని చాపలేదు. చీలికలు చుట్టలు చుట్టి దిండు కింద పెట్టుకుంది.

జనవరిలో పండ్లు దించాను. ఆ ఏడు పండు బాగా కుదిరిందని, తెల్లటి తీపి పొడి చక్కగా పట్టిందని కొనడానికి వచ్చినాయన మెచ్చుకున్నాడు. అవునా అన్నాను. ఒకటి నోట్లో వేసుకుని చూశాను. తీపని తెలిసింది, అంతే. పెట్టెలకెత్తి పంపేశాక షెడ్డు ఖాళీ అయింది. నేనూ ఆసుపత్రికి వచ్చేశాను. రాత్రిళ్ళు అత్తయ్యా నేనూ ఆ పొట్టి బల్ల మీద ఒకళ్ళ కాళ్ళ వైపు ఒకళ్ళు తల పెట్టుకుని పడుకునేవాళ్ళం.

ఆ నెలాఖరున బాన్ టీచరమ్మ రెండు చేతులూ మళ్ళీ పరీక్ష చేసింది. కుడి చేతిలో ఒక కాగితం పెట్టి మణికట్టు ఎత్తమంది. కాగితం జారి నేల మీద పడింది. ఇంకోసారి పెట్టింది, ఇంకోసారి పడింది. ఆమె దాన్ని తీసి మడిచి జేబులో పెట్టుకుంది. కుడి చేతికి ఇక పట్టు రాదని, ఇకనుంచి ఎడమ చేతికే అన్నీ నేర్పుతానని చెప్పింది. అత్తయ్య నా పక్కనే నిలబడి ఉంది.

"ఎడమది బాగుందా?" అని అడిగింది.

"బాగా కుదిరిందమ్మగారూ."

"దాన్ని నేను ముట్టుకోలేదు," అంది అత్తయ్య.

గదిలో అవతలి బల్ల దగ్గరవాళ్ళు కూడా పని ఆపేశారు. ఇన్నాళ్ళూ రోజూ కట్టింది మీరే గదా, కట్టబట్టే ఇంత కుదిరిందని టీచరమ్మ అంది. అత్తయ్య వినిపించుకోలేదు. మంచం గోడ పక్కన వేశారు కాబట్టి మిగిలిందని, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పి, కొడుకు చక్రాల కుర్చీ తోసుకుంటూ వార్డుకి వెళ్ళిపోయింది. లిఫ్టు దగ్గర మా ఆయన ఏదో అన్నాడు. ఆమె వంగి వింది. ఏమన్నాడో నేను అడగలేదు.

చెంచా కాడకి లావుగా స్పాంజి చుట్టి ఎడమ చేతికిచ్చారు. మా ఇళ్ళలో పిల్లలు ఎడం చేత్తో చెంచా పట్టుకుంటే వీపు చిట్లేది. ఈయన ఈ వయసులో దాన్నే నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట ఎండు చిక్కుడు గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి. సగం నేల మీదకి. అత్తయ్య వంగి ఏరేది, నేను వంగి ఏరేదాన్ని. ఆయన తిట్టనూ లేదు, నవ్వనూ లేదు. గింజలయ్యాక అన్నం. అన్నం చెంచాకి అంటుకుని ఉంటుంది కాబట్టి నోటిదాకా వచ్చేది. చారు మాత్రం అత్తయ్యే పట్టేది.

ఫిబ్రవరి చివర, మంచు కరిగి దారి బురదైన రోజుల్లో, ఒక రోజు ఇంటికి వెళ్ళి రమ్మన్నారు. ఆసుపత్రి వదిలి ఎలా ఉండగలరో, ఇంట్లో ఎలా ఉండగలరో చూసుకుని వస్తే తర్వాతి సంగతి మాట్లాడదామన్నారు. బాన్ టీచరమ్మ ఒకే ఒక్క పని చెప్పింది. ఒక పూట భోజనం, అన్నం చారు కూరలతో సహా, మొదటి నుంచి చివరి దాకా ఆయన తనంతట తను తినాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అది జరిగితే ఇంటికి పంపే రోజు చూస్తానంది. జరక్కపోతే ఏమిటని మా ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

పక్కింటివాళ్ళు కుర్చీని అరుగు మీదకి ఎత్తి పెట్టారు. మేం నేల మీద కూర్చుని తినే జాతి. కుర్చీకి సరిపడా ఎత్తు బల్ల ఇంట్లో లేదు. షెడ్డులో పండ్లు పెట్టెలకెత్తే బల్ల ఒకటుంటే కడిగి తెచ్చి గది మధ్యలో వేశాను. అత్తయ్య పొద్దుటి నుంచీ వంటింట్లోంచి కదల్లేదు. సోయా ముద్ద వేసి ముల్లంగాకు చారు కాచింది. చేప వేయించింది. పోయిన శీతాకాలం ముందు పాతర వేసి ఊరబెట్టిన కిమ్చి ఆకు తీసి సన్నగా తరిగింది. వడ్డించి, ఆయనకి ఒక పక్క తను కూర్చుని, రెండో పక్క స్టూలు మీద నన్ను కూర్చోబెట్టింది. ముగ్గురికీ ఎప్పటిలాగే అన్నం గిన్నె ఎడమ పక్క, చారు గిన్నె కుడి పక్క.

ఆయన ఎడమ మణికట్టు ఎత్తాడు. వేళ్ళు చెంచా చుట్టూ బిగిశాయి. అన్నం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చేపముక్క చెంచాతో ఎత్తి పెట్టుకున్నాడు. తర్వాత చారు. చెంచాని అన్నం మీదుగా ఆ పక్కకి తీసుకెళ్ళి, ముంచి, మళ్ళీ అన్నం మీదుగా వెనక్కి తేవాలి. మోచెయ్యి చాపలేని మనిషి. భుజంతో ఈడ్చి తెస్తుంటే చెయ్యి వణికి చారు అన్నంలో పడింది. రెండోసారి చొక్కా చేతి మీద పడింది. మూడోసారి చెంచా నోటిదాకా వచ్చింది గానీ అందులో ఏమీ లేదు. ఆయన చెయ్యి బల్ల మీద పెట్టేశాడు. నా వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు.

గిన్నెలు అటుదిటు మారిస్తే సరిపోతుందని నాకు మొదటిసారే అర్థమైంది. చారు దగ్గరుంటే ఒలకదు, అన్నం దూరమైనా ఫరవాలేదు. కానీ మార్చడమెలా? మా ఇళ్ళలో చారు ఎడమకీ అన్నం కుడికీ పెట్టేది చనిపోయినవాళ్ళకి. తద్దినం రోజున పెద్దలకి పెట్టే పళ్ళెం అది. పసిపిల్లలు ఆటలో గిన్నెలు తిప్పి పెట్టినా పెద్దవాళ్ళు గబుక్కున సర్దేస్తారు. ఆ తల్లి ముందు ఆమె కొడుక్కి ఆ పని చెయ్యడానికి నా చెయ్యి రాలేదు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్న మాట ఒకటి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

అత్తయ్య లేచింది. వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి కొడుకు చొక్కా చెయ్యి తుడిచింది. చారు ఒలికిన అన్నం తీసేసి వేడిది పెట్టింది. పెట్టేటప్పుడు అన్నం గిన్నె కుడి పక్కన పెట్టింది. చారు గిన్నె ఎత్తి ఎడమ పక్కన పెట్టింది. నాకు భయమేసింది. ఆయన ఆ గిన్నెల వైపు చూసి, ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె కూర్చుని, ఒక నిమిషం బల్ల మొత్తం పారజూసింది. తర్వాత తన ముందున్న చారు గిన్నె ఎడమకి జరుపుకుంది, అన్నం కుడికి జరుపుకుంది. అది చాలలేదేమో, బల్ల మీదుగా వంగి నా గిన్నెలు కూడా మార్చేసింది.

"తినండి. చల్లారిపోతోంది," అంది.

ఆయన చెంచా చారులో ముంచి, మణికట్టు ఎత్తి, నోట్లో పెట్టుకున్నాడు. మింగి, మళ్ళీ ముంచాడు. నా కుడి చేతికి చారు దూరమై బల్ల మీద ఒలికింది. అత్తయ్యకీ ఒలికింది. ఎవరూ తుడవలేదు. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురం అలాగే తిన్నాం.